అన్న కారులో రెండో బ్రేక్

ఉదయం ఆరూ నలభైకి హుస్సేనీ ఆలంలోని మా గల్లీ నుంచి అన్న కారు బయటికి తీసిన. ఆదివారం. పాల ప్యాకెట్ల బండి తప్ప గల్లీలో ఏమీ లేదు. మలుపు ఇంకా రాకముందే ముందు ఎడమ చక్రం నుంచి చప్పుడు మొదలైంది. ఇనుముకు ఇనుము రాసుకుంటున్న చప్పుడు. బ్రేక్ తొక్కితే ఆగింది. కాలు తీస్తే మళ్లీ వచ్చింది.

ఇట్లాంటివి రాసేవాళ్లంతా తమకు దయ్యాల మీద నమ్మకం లేదని ముందే చెప్పుకుంటరు. నాకూ లేదు. కాలేజీ లైబ్రరీలో పనిచేస్త. ఇట్లాంటి అనుభవాలు మస్తు చదివిన. ప్రతిదాంట్లో, రాసినవాళ్లు కళ్లతో చూసిందీ తర్వాత అనుకున్నదీ కలిసిపోయిన జాగ ఒకటి దొరికేది. ఇందులో కూడా ఆ జాగ కోసం వెతుకుతున్న. దొరికితే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు.

మా అన్న డ్రైవింగ్ స్కూల్ నడిపేటోడు. ఒకటే కారు, ఒకడే మాస్టరు. నేర్పే కార్లకు ఎడమ సీటు ముందు ఇంకో బ్రేక్ పెడల్ ఉంటది. నేర్చుకునేవాళ్లు తడబడితే పక్కన కూసున్న మాస్టరు దాన్ని తొక్కి బండి ఆపుతడు. అన్నకు ఆ కాలు ఎక్కడా ఊరుకునేది కాదు. నా స్కూటర్ వెనుక కూసున్నా కుడికాలు కిందికి ఒత్తుతుండేటోడు. "నీ బ్రేక్ పనిచేస్తలేదన్నా" అని నేను నవ్వితే, "ముందుగాల నీది పనిచేస్తున్నదా చూస్కో" అనేటోడు.

పోయిన చలికాలం, పొద్దున పాఠం చెప్తూ, ఆ సీట్లోనే పోయిండు. గుండెపోటు. అఫ్జల్‌గంజ్ దగ్గర మూసీ పక్క రోడ్డు మీద కారు ఆగింది. నడుపుతున్నామె తనే ఏదో తప్పు చేసిందనుకొని తిట్ల కోసం ఎదురుచూసిందట. "మళ్లీ స్టార్ట్ చెయ్యాల్నా?" అని అడిగిందట. జవాబు రాకపోతే ఇంకోసారి అడిగిందట. అన్న కాలు బ్రేక్ మీదనే ఉంది. దాన్ని తీయడానికి ఇద్దరు మనుషులు పట్టవలసి వచ్చింది. దినాల నాడు ఆమె మా ఇంటికొచ్చి, మెట్ల మీద నిలబడి, ఇదంతా నాకొక్కడికే చెప్పింది. నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అన్న బిడ్డ శ్రావణికి లైసెన్స్ ఉంది. అదే కారుతో నాన్న స్కూల్‌ను మళ్లీ తెరుస్తానని పట్టుబట్టింది. "ఆడోళ్లకు ఆడపిల్ల నేర్పుతానంటే వద్దనేదెవరు?" అనేది. వదిన వద్దనలేదు, సరే అనలేదు. నన్ను పిలిచి, "ఆయన పోయిన బండిల పిల్లను ఎట్ల పంపాలె? కారు మంచిగున్నదని నువ్వు చెప్పు. నీ మాట మీద పంపుత" అన్నది. అందుకే ఆ ఆదివారం కారు తీసిన. అందుకే ఆ చప్పుడు సంగతి తేల్చడం నా పని అయింది.

జహంగీర్ భాయ్ మా గల్లీ చివర మెకానిక్. అన్నకు దోస్తు. పక్క సీట్లో కూసోబెట్టుకొని రెండు చుట్లు తిప్పిన. చప్పుడు రాలేదు.

"డాక్టర్‌ను చూడంగనే బుఖార్ దిగిన పోరడి లెక్కనే ఉన్నది మీ బండి" అన్నడు. "నన్ను జూసి భయపడ్డది, డర్ గయీ."

అతన్ని దుకాణం ముందు దింపి ముందుకు పోయిన. చప్పుడు వచ్చింది. వెనక్కి తెచ్చి మళ్లీ ఎక్కించుకున్న. ఆగిపోయింది.

చక్రాలు విప్పిండు. బ్రేక్ ప్యాడ్లు సగం కూడా అరగలేదు. మధ్యలో రాయి ఇరుక్కుందేమోనని చూసిండు, లేదు. ఎడమ ప్యాడ్లు కుడికి, కుడివి ఎడమకు మార్చిండు. లోపం ప్యాడ్లలోనే ఉంటే చప్పుడు కుడిపక్కకు పోవాలె. పోలేదు.

రెండో పెడల్ మీద అనుమానం పడ్డడు. దాన్నీ, దాని కడ్డీనీ పూర్తిగా విప్పేసిండు. పెడల్‌ను కాసేపు చేతిలో పట్టుకొని, గుడ్డతో తుడిచి నాకిచ్చిండు. రబ్బరు ఒకపక్క అరిగి ఉంది. ఇంటికి తీసుకపోయి అల్మారాలో పెట్టిన. తెల్లారి ఒక్కడినే కారు తీస్తే చప్పుడు అట్లనే ఉంది.

సీటు మీద బరువు పడితే ఆగుతుందేమోనని సిమెంట్ బస్తా పెట్టి చూసినం. చప్పుడు వచ్చింది. బస్తా తీసేసి జహంగీర్ భాయ్ కూసుంటే రాలేదు. "బస్తాకు ఇజ్జత్ ఇస్తలేదు, నాకిస్తున్నది" అన్నడు. చివరికి, "మీరు దిగుండ్రి సాబ్, నేనొక్కడినే పోతా" అన్నడు.

వెళ్లినంత వేగంగా తిరిగి రాలేదు. వచ్చినంక నవ్వలేదు. ఎడమ చక్రం దగ్గర వంగి చెయ్యి పెట్టి, వెంటనే తీసిండు.

"నేను బ్రేక్ ముట్టలే సాబ్. హ్యాండ్ బ్రేక్‌తోనే ఆపిన. మీరూ చూడుండ్రి."

కుడి చక్రం చల్లగా ఉంది. ఎడమది వేలు ఆననియ్యలేదు. దారంతా ఎవరో బ్రేక్ తొక్కి పట్టుకున్నట్టు.

దానికీ ఒక కారణం ఉంటుందట. బ్రేక్ ఆయిల్ పోయే రబ్బరు పైపు లోపల ఉబ్బితే, తొక్కిన బ్రేక్ వదలకుండా పట్టుకుంటదట. పైపు మార్చిండు. ఆ వారమంతా నేను ఒక్కడినే నడిపిన. చప్పుడు లేదు. అప్పుడే వదినకు చెప్పిన, "కారు మంచిగైంది" అని.

మరుసటి ఆదివారం శ్రావణి నడిపింది. నేను పక్కన కూసోబోతుంటే, "వద్దు బాబాయ్, నువ్వు కూడా నాన్న లెక్క కాలు ఒత్తుతనే ఉంటవ్. వెనుక కూసో" అన్నది. వెనుక కూసున్న. అన్న పోయిన ఆ మూసీ రోడ్డు మీద నుంచే పోదామని కూడా ఆమే అన్నది. ఎప్పుడో ఒకప్పుడు పోవాల్సిందే గదా అని.

బాగా తెల్లారింది. దుకాణాలు ఇంకా తెరవలేదు. మూసీ మీది నయాపూల్ వంతెన దాటినంక చప్పుడు మొదలైంది. "పక్కకు ఆపు బిడ్డా" అన్న. ఆమె ఆపకముందే కారు ఆగింది. కుదుపు లేదు. మెల్లగా, బలంగా పట్టుకొని ఆపినట్టు ఆగి, ఇంజన్ బంద్ అయింది.

"నేను తొక్కలే" అన్నది శ్రావణి.

రెండు సీట్ల మధ్య నుంచి ముందుకు వంగిన. ఆమె పాదాలు రెండూ వెనక్కి, సీటు దగ్గరికి లాక్కొని ఉన్నయి. ఎడమ సీటు ముందున్న రబ్బరు మ్యాట్ ఒకచోట లోపలికి అణిగి ఉంది. మడమ పట్టేంత జాగ. దాని మీద ఏమీ లేదు.

శ్రావణి తల ఎడమ పక్కకు తిప్పింది. తప్పు చేసిన పిల్లలు అడిగే గొంతుతో, "మళ్లీ స్టార్ట్ చెయ్యాల్నా?" అన్నది.

నన్ను చూసి అడగలేదు. ఖాళీ సీటు వైపు చూసి అడిగింది.

తర్వాత సరేనన్నట్టు తల ఊపి, తాళం తిప్పింది. మ్యాట్ మెల్లగా పైకి లేచింది. ఇంటిదాకా చప్పుడు లేదు.

ఇంట్లో మంచినీళ్లు తాగుతూ, "నువ్వు పక్కన ఉన్నవ్ కాబట్టి భయం కాలే బాబాయ్" అన్నది.

"నేను వెనుక కూసున్న గదా."

"ఏందీ పరాచికాలు? పక్కన కూసొని స్టార్ట్ చెయ్యమన్నది నువ్వే గదా" అని నవ్వింది. నా ముఖం చూసి నవ్వు ఆపింది.

వదిన వంటింటి గడపలో నిలబడి ఉంది. ఆమెనే శ్రావణి ముందు చెయ్యి చాపి తాళాలు తీసుకుంది.

జహంగీర్ భాయ్ తీసేసిన పాత పైపును బ్లేడుతో నిలువునా కోసి చూపించిండు. లోపల ఎక్కడా ఉబ్బు లేదు. "పైపు మంచిగనే ఉండె సాబ్. నాకు సమఝ్ కాలే" అన్నడు. మార్చిన వారం చప్పుడు ఎందుకు రాలేదో అతనికి తెలియదు.

నేను చెప్పుకోగలిగినవి ఉన్నయి. భయంలో మనిషికి ఎవరు ఎక్కడ కూసున్నరో గుర్తుండదు. బండి ఆగితే ఎవరైనా ఆ మాటే అడుగుతరు. రబ్బరు అణుగుతది, లేస్తది. విడివిడిగా ప్రతిదానికీ జవాబు ఉంది. అన్నీ కలిపి ఆ పొద్దుటికి జవాబు నా దగ్గర లేదు.

శ్రావణి ఇప్పుడు వేరే స్కూల్ కారులో ఆడవాళ్లకు నేర్పుతున్నది. మంచి పేరొచ్చింది. అన్న కారు మా ఇంటి ముందే కవర్ కింద ఉంది. అమ్ముదామని ఎవరమూ అనలేదు. బ్యాటరీ చచ్చిపోకుండా అప్పుడప్పుడు వదిన తాళాలిస్తది. నేను బయటే నిలబడి, కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇంజన్ స్టార్ట్ చేసి, కాసేపటికి బంద్ చేస్త.

ఆ కారులో ఇప్పుడు ఎవరమూ కూసోము.