బిసేరా తలపట్టీ

బిసేరా ఏం పని చేస్తుందో వర్నా పట్టణంలో ఆమె ఉండే వీధిలో ఎవరికీ తెలియదు. తెలియదని ఒప్పుకున్నవాళ్ళూ లేరు. ఎదురింటావిడ లెక్కలో ఆమె ప్రింటర్లు బాగుచేస్తుంది. ఆ నమ్మకం కొద్దీ ఆవిడ పాడైన ప్రింటర్‌ను చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది కూడా. కింద అంతస్తు ముసలాయన ఆమె పెళ్ళి శుభలేఖలకు పూలు గీస్తుందనుకుంటాడు. తల్లి పెన్కా అయితే మనిషిని బట్టి జవాబు మార్చేది. గొప్పలు పోయే చుట్టాలకు కూతురు శాస్త్రవేత్త, చర్చిలో గురువుగారికి చిత్రకారిణి, సంబంధాలు తెచ్చేవాళ్ళకు ఇంజినీరు.

ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. బిసేరా మొదట చిత్రకళ చదువుతూ చర్చి గోడల మీది సాధువుల గడ్డాలకు నకళ్ళు తీసింది. అదే గడ్డాన్ని కంప్యూటర్ క్షణంలో పెంచేస్తుందని తెలిసి అటు దూకింది. గడ్డం ఎందుకు పెంచాలో మాత్రం కంప్యూటర్‌కు తెలియదని అర్థమై, ఆ సంగతేదో పరిశోధిద్దామని హాలండ్ వెళ్ళింది. అక్కడివాళ్ళు ఆమెను కళ, సాంకేతికం, పరిశోధన కలిసే కూడలిలో నిలబడే డిజైనర్‌గా తేల్చి పట్టా చేతికిచ్చి పంపారు. కూడలి మధ్యలో నిలబడ్డవాళ్ళకు ఏమవుతుందో బండి తోలేవాళ్ళనడిగితే చెబుతారు. తిరిగొచ్చాక చిత్రకారుల సంఘం, నీవన్నీ యంత్రాలు, ఇంజినీర్ల దగ్గరికి వెళ్ళమంది. ఇంజినీర్లు ఇవన్నీ బొమ్మలన్నారు. పరిశోధన మండలి పెద్దలు చూసి, ఇంత అందంగా ఉన్నది పరిశోధన అయ్యే అవకాశమే లేదన్నారు. రెంటికీ చెడ్డ రేవడి అంటారు గానీ, బిసేరా మూడింటికీ చెడింది.

అయినా పేరు రాకపోలేదు. పెరుగులో ఉండే సూక్ష్మజీవుల పులుపును రాగాలుగా మార్చి ఆమె చేసిన ‘పాడే పెరుగు’ను రాజధానిలో ప్రదర్శించారు. విమర్శకులు ఆ జాడీల ముందు కళ్ళు మూసుకుని నిలబడ్డారు. చూడటానికి వెళ్ళిన పెన్కా ఒక జాడీని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి, దాంతో పాలు తోడుపెట్టేసింది. తండ్రి గాంచో రెండు గిన్నెలు తిని, ఇన్నాళ్ళకు తినదగ్గ కళ చేశావు తల్లీ అన్నాడు. మిగిలిన జాడీలకు బహుమతి వచ్చింది. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అన్నట్టు, బహుమతి పుచ్చుకున్న చేత్తోనే ఆమె ఇంటికొచ్చి ఎదురింటావిడ ప్రింటర్ విప్పింది.

గాంచో ముప్పైనాలుగేళ్ళు సముద్రపు ఒడ్డున పెద్ద హోటల్లో వడ్డన పని చేశాడు. విదేశీ అతిథులకు చేపలు, సారా, చిరునవ్వులు అందించి రిటైరయ్యాడు. కూతురి పని ఏమిటో ఆయనకూ తెలియదు. కానీ ఎవరైనా వేళాకోళం చేస్తే, మా అమ్మాయి చేసేది మీకు అర్థమైతే మీరూ చేసేవాళ్ళే కదా అని నోరు మూయించేవాడు. బిసేరాకు ఈ లోకంలో ఉన్న వకీలు ఆయనొక్కడే.

ఆ వకీలుకే నిరుడు ఆకురాలు కాలంలో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కాళ్ళూ చేతులూ సరే, మెడ కూడా చూసేవాళ్ళ కంటికి ఆనేంత కదలడం లేదు. అదృష్టవశాత్తు ఆస్పత్రికి ఎవరో విదేశీ దాతలు ఒక యంత్రం ఇచ్చారు. రోగి తల ఊపాలని ప్రయత్నిస్తే చాలు, మెడ కండరాల్లో పుట్టే చిన్న అదురును పట్టుకుని దీపం వెలిగిస్తుంది. పచ్చదీపం అవును. ఎర్రదీపం కాదు.

నర్సు డోన్కా మీ పేరు గాంచోనా అని అడిగితే ఎర్రదీపం వెలిగింది. చలేస్తోందా అంటే మళ్ళీ ఎరుపే. ఆవిడ పాపం కిటికీ తెరిచి, దుప్పటి కూడా తీసేసింది. పెద్ద డాక్టర్ కోలరోవ్ వారం రోజులు చూసి, మనిషికి మతి పూర్తిగా పోయిందన్నాడు. ఆ నెలాఖరున ముగ్గురు డాక్టర్లు కూర్చుని తేలుస్తారట. మతి ఉందంటే ఊళ్ళోనే మాటలు మళ్ళీ నేర్పే శిక్షణకు పంపుతారు. లేదంటే ఎక్కడో కొండల్లో ఉన్న ఆశ్రమానికి. అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చిన దాఖలా లేదు.

బిసేరా మంచం పక్కన కూర్చుని, “నాన్నా, నేనెవరో తెలుసా?” అని అడిగింది. ఎర్రదీపం వెలిగింది. ఆమె బయటికొచ్చి వరండాలో గోడకు తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంతమంది తనను గుర్తించకపోయినా లెక్కచేయలేదు గానీ, ఈ ఒక్కడూ గుర్తించకపోతే ఎలా బతకాలో తెలియలేదు.

అటుగా వెళుతున్న డోన్కా జాలిపడి, “కాఫీ తాగుతావా అమ్మాయ్?” అంది. నోరు పెగలక బిసేరా తల ఊపింది. డోన్కా కాఫీ తేవడానికి వెళ్ళిపోయింది. బిసేరా ఏడుపు అక్కడే ఆగిపోయింది. తను తల ఊపింది అడ్డంగా. ఈ దేశంలో పుట్టినవాడెవడైనా అవుననడానికి తల అడ్డంగానే ఊపుతాడు, కాదనడానికి పైకెత్తుతాడు. యంత్రం పుట్టిన దేశంలో అది తలకిందులు. యంత్రానికి కూడా పుట్టినూరు ఉంటుందని ఆస్పత్రిలో ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

ఆమె లోపలికి పరుగెత్తి, “నాన్నా, నువ్వు గుర్రానివా?” అని అడిగింది. పచ్చదీపం నిండుగా వెలిగింది. బిసేరా నవ్వుతూ ఏడ్చింది.

ఇంత సులువైన సంగతిని కోలరోవ్‌కు చెప్పడం అంత కష్టమవుతుందని ఆమె అనుకోలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, తండ్రి జవాబిస్తున్నా ఆయన పుచ్చుకోనన్నాడు. ఎరుపును అవునుగా లెక్కేసుకోండి అంటే, రేపు రోడ్డు మీద కూడా అలాగే లెక్కేసుకోమంటారా అని అడిగాడు. పోనీ దీపాలు మారుద్దామంటే, తయారుచేసినవాళ్ళ సీలు విప్పకూడదన్నాడు.

“చూడండమ్మా, ఆ యంత్రానికి ముద్ర ఉంది, పూచీ ఉంది. మీ నాన్నకు ఏముంది?” అన్నాడు చివరికి.

తనే ఒక యంత్రం చేసి తెస్తానంది బిసేరా. వైద్య పరికరమైతే మూడేళ్ళ పరీక్షలు కావాలన్నాడు కోలరోవ్. పరిశోధన అంటే మండలి అనుమతి తెమ్మన్నాడు. అప్పుడు ఆమెకు తన జీవితంలో పనికొచ్చే ఆలోచన మొదటిసారి వచ్చింది. ఇది కళ అని చెప్పింది. కోలరోవ్ ముఖం చాటంత అయింది. కళకైతే అనుమతి అక్కర్లేదు, పూచీ అక్కర్లేదు, పైగా నగరపాలక సంస్థ సారా, జున్ను ముక్కలు పంపుతుంది. యంత్రం దానమిచ్చిన సంస్థ తరఫున విల్లెమ్ అనే హాలండ్ పెద్దమనిషి కూడా నెలాఖరున వస్తున్నాడు. ప్రారంభోత్సవం ఆ రోజే పెట్టుకుందాం, డాక్టర్లందరూ ఎలాగూ ఉంటారన్నాడు.

బిసేరా తన తల్లి ఉన్ని తలపట్టీ తీసుకుని, అందులో పాత ఫోన్‌లో కదలిక పట్టే ముక్కను కుట్టి, అడ్డంగా ఊపితే పచ్చ, పైకెత్తితే ఎరుపు వెలిగేలా రెండు దీపాలు పెట్టింది. వారం రోజులు తండ్రితో సాధన చేసింది. పేరు అడిగితే పచ్చ, గుర్రమా అంటే ఎరుపు. ఆకలా అంటే పచ్చ, ఆస్పత్రి సూపు తెమ్మంటావా అంటే ఎరుపు. డోన్కా కిటికీ మూసి, దుప్పటి కప్పి, ఆయన నుదురు ముద్దుపెట్టుకుంది.

ఆ రోజు గది కిటకిటలాడింది. కోలరోవ్, ఇద్దరు డాక్టర్లు, పెన్కా, డోన్కా, మంచానికి ఎదురుగా నీలం సూటులో విల్లెమ్. తన సంస్థ దానమిచ్చిన యంత్రం మూలన ఎందుకుందని ఆయన అడగలేదు. తలపట్టీని చూసి, అనిశ్చితిని ఎంత ధైర్యంగా ప్రశ్నించారో అన్నాడు. కోలరోవ్ గొంతు సవరించుకుని, మీ పేరు గాంచోనా అన్నాడు.

ఎర్రదీపం వెలిగింది.

ఈమె మీ భార్యేనా అంటే ఎరుపు. ఇది వర్నాయేనా అంటే ఎరుపు. మీరు గుర్రమా అంటే పచ్చ. కోలరోవ్ మిగతా ఇద్దరివైపు చూసి నిట్టూర్చాడు. బిసేరా తీగ ఊడిందా, పట్టీ తిరగబడిందా అని తడుముతుంటే తండ్రి కళ్ళు కనిపించాయి. ఆయన డాక్టర్‌ను చూడటం లేదు. రెప్ప వేయకుండా విల్లెమ్‌నే చూస్తున్నాడు. పెదవి ఒక పక్కకు లేచి ఉంది. ఆ నవ్వు ఆమె చిన్నప్పుడు హోటల్ భోజనశాలలో రోజూ చూసిందే.

బిసేరాకు అప్పుడు అర్థమైంది. విదేశీ అతిథి ఎదుట గాంచో ఏనాడూ ఈ దేశపు ఊపు ఊపలేదు. వాళ్ళు తికమకపడతారని వాళ్ళ పద్ధతిలోనే, అవునంటే నిలువుగా, కాదంటే అడ్డంగా ఊపేవాడు. హోటల్లో ఉద్యోగానికి చేరిన మొదటి రోజు నేర్పిన మర్యాద అది. మాట పోయింది, చెయ్యి పోయింది, మర్యాద మాత్రం పోలేదు.

“డాక్టర్‌గారూ, ఈయన్ని ఒక్క నిమిషం బయటికి పంపండి” అంది.

కోలరోవ్‌కు అది నచ్చలేదు. కానీ విల్లెమ్ సంతోషంగా బయటికి నడిచాడు. ప్రేక్షకుణ్ణి గెంటేసే కళ ఆయనకు కొత్త కాదు. తలుపు మూసుకోగానే గాంచో పేరు గాంచో అయింది, పెన్కా భార్య అయింది, ఊరు వర్నా అయింది. గుర్రం దగ్గర ఎర్రదీపం వెలిగింది. కాకతాళీయం అన్నాడు కోలరోవ్. విల్లెమ్‌ను పిలిచారు. గాంచో మళ్ళీ గుర్రమయ్యాడు. పంపించారు. మళ్ళీ మనిషయ్యాడు. రెండో డాక్టర్ మెల్లగా, “మతి లేనివాడికి ఇంత మర్యాద ఎక్కడిదండీ?” అన్నాడు.

బయట విల్లెమ్ ఫోన్‌లో ఎవరితోనో, కళాఖండంతో పాటు ఆ తలుపు కూడా హాలండ్‌కు తెప్పించాలని గట్టిగా చెబుతున్నాడు.

కోలరోవ్ కుర్చీ లాక్కుని మంచానికి దగ్గరగా కూర్చున్నాడు. ఇన్ని వారాల్లో ఆయన గాంచో గురించి మాట్లాడాడే గానీ గాంచోతో మాట్లాడలేదు.

“గాంచోగారూ, ఆ పెద్దమనిషిని మళ్ళీ లోపలికి రమ్మనమంటారా?”

ఇసుక వేడిగా ఉందని తిట్టిన హోటల్ అతిథులకు, చేపలో ముల్లేమిటని పళ్ళెం తోసేసినవాళ్ళకు కూడా గాంచో ఎన్నడూ కాదని చెప్పలేదు. తలపట్టీ మీద కాసేపు ఏ దీపమూ వెలగలేదు. తర్వాత ఎర్రదీపం వెలిగి, ఆరకుండా అలాగే ఉండిపోయింది.

కోలరోవ్ లేచి వెళ్ళి తలుపుకు గడియ పెట్టాడు. సోమవారం నుంచి మాటల శిక్షణకు తీసుకెళ్ళమని డోన్కాకు చెప్పాడు. బిసేరా వంగి, తండ్రి అరచేతిలో తన ముఖం దాచుకుంది. పెన్కా భర్త చెంప నిమురుతూ, “ఆ ముప్పైనాలుగేళ్ళలో ఒక్కసారైనా అనాల్సింది ఈ మాట” అంది.