బావ చేతి దెబ్బ

"బావ పోయాడురా" అని అక్క ఫోన్ చేసినప్పుడు నేను అతని దగ్గరికే వెళ్దామని ఉధ్నాలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఏం చేయాలో తోచక ముందు వచ్చిన బస్సు ఎక్కేశాను. అది వేరే వైపు వెళ్లేది.

మా బావ సొంతూరు వదిలొచ్చి ఇక్కడ ఉధ్నాలో మరమగ్గాల మీద ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. నోటితో పలకరించడం ఎరగడు. వెనక నుంచి వచ్చి వీపు మీద ఒక్కటి చరిచేవాడు. మీకు చోద్యంగా ఉండొచ్చు కానీ పెళ్లిలోనైనా, పూజ దగ్గరైనా అంతే. ఒకసారి నేను పనిచేసే బ్యాంకుకు వచ్చి మేనేజరు ముందే చరిచాడు. నా చేతిలోని టీ ఒలికి కాగితాలు తడిశాయి. నాకు ఒళ్లు మండింది.

"నలుగురిలో ఈ మోటు సరసం ఏంది బావా?"

"కార్ఖానాల మగ్గాల మోతకు పిలిస్తే ఎవ్వనికి ఇనబడదురా. చేత్తోనే పిల్వాలె. గట్లనే అలవాటైంది" అన్నాడు.

ఆ తర్వాత నెల రోజులు నా వీపు ముట్టుకోలేదు. కలిస్తే "బాగున్నవా" అని మర్యాదగా అడిగేవాడు. ఆ మర్యాదను భరించడం నావల్ల కాలేదు. ఒక ఆదివారం అందరం డుమస్ సముద్రతీరానికి వెళ్లినప్పుడు కావాలనే అతనికి వీపు పెట్టి నిలబడ్డాను. చరచడం కాదు, ఏకంగా మెడ పట్టుకుని ఇసుకలో పడేశాడు. యాభై దాటిన ఇద్దరం కిందా మీదా పడి దొర్లాం. నిజంగానే కొట్టుకుంటున్నామనుకుని భజియాల బండివాడు విడదీయడానికి పరుగెత్తుకొచ్చాడు. "మేరా బామ్మర్ది హై భాయ్, ఛోడో" అన్నాడు బావ రొప్పుతూ. అక్క తల పట్టుకుంది.

తర్వాత కొన్నాళ్లకు, మగ్గాల దుమ్ముకు బావ ఊపిరితిత్తులు పాడైపోయాయని డాక్టరు చెప్పాడు. ఆఖరి వారమంతా రోజూ వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. కూర్చోవడం తప్ప నా చేతుల్లో ఏమీ లేదు. ఒక మధ్యాహ్నం బావ మెల్లగా అటు తిరిగి నాకు వీపు చూపించాడు.

"జర ఒక్కటెయ్యిరా. అందరు గాజు సామాను లెక్క ముట్టుకుంటుండ్రు."

చెయ్యి ఎత్తాను. చొక్కా కింద ఎముకలు తేలి కనిపిస్తున్నాయి. కొట్టలేక అరచెయ్యి ఆనించాను.

"నువ్వు గూడా గంతేనా" అన్నాడు.

కొట్టి ఉండాల్సింది. అతను నన్ను అడిగింది అదొక్కటే.

పది రోజులుగా పరామర్శకు వచ్చినవాళ్లంతా నా వీపు నిమిరి పోతున్నారు. నిన్న ఉధ్నా స్టేషన్లో టికెట్ వరుసలో ఉండగా వెనక నుంచి ఎవరో వడివడిగా వస్తున్న చప్పుడైంది. చేతిలోని టీ గ్లాసును గట్టిగా పట్టుకుని, భుజాలు బిగించి నిలబడ్డాను. ఆ అడుగులు నన్ను దాటి వెళ్లిపోయాయి. వరుస ముందుకు కదిలినా నేను అలాగే నిలబడి ఉన్నాను.