ఎడమ పుట

నర్సింగం జీవితమంతా సగం పువ్వులే గీశాడు. సూరత్ సలాబత్‌పురాలో చీర అంచులకు గళ్ల కాగితం మీద డిజైన్లు గీయడం అతని పని. సగం గీస్తే చాలు, మిగతా సగాన్ని మగ్గమే అద్దంలోలా తిప్పి నేసుకుంటుంది. కంప్యూటర్లు వచ్చాక ఆ సగం పనీ పోయింది.

ముప్పై ఏళ్ల కిందట, అతని షేఠ్ ఒకరోజు ఇంట్లోని ఖురాన్ తెరిచి చూపించాడు. తుర్కీలో ఉస్మానీ సుల్తానుల కాలంలో చేత్తో రాసిన ప్రతి. షేఠ్ ముత్తాత హజ్‌కు వెళ్లినప్పుడు తెచ్చాడట. కుడి పుటలో అక్షరాల చుట్టూ నీలం, బంగారం, పూలతీగలు. బంగారం మీద సూదిమొనతో అద్దిన సన్నటి చుక్కలు, వెలుగు కదిలితే మినుక్కుమనేవి. ఎడమ పుట మీద రంగు అంటకుండా పట్టుగుడ్డ కప్పి ఉంది. అది తీయబోతుండగా అజాన్ వినిపించింది. షేఠ్ పుస్తకం మూసి నమాజుకు లేచాడు.

మళ్లీ అడగడానికి నర్సింగానికి నోరు రాలేదు. ఇంటికొచ్చి కుడి పుటను గుర్తున్నంత మేరకు గళ్ల కాగితం మీదికి దించుకున్నాడు. కాళ్లకు తగిలే చీర అంచుకు దాన్ని ఎన్నడూ ఇవ్వలేదు. ఎడమ సగం అలవాటు కొద్దీ ఖాళీగా వదిలేశాడు.

షేఠ్ పోయాడు. ఇప్పుడు కొడుకు ఇలియాస్ ఆ ప్రతిని భద్రంగా ఉంటుందని ఢిల్లీలో ఒక గ్రంథాలయానికి ఇచ్చేస్తున్నాడు. రేపే ప్రయాణం. కబురు తెలియగానే నర్సింగం ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

"నన్ను సూడనీకి ఎన్నడన్న గింత తయారైనవా?" అంది భార్య ఎల్లవ్వ.

"నీ మొకం రెండు దిక్కుల సూశిన గదనే!"

షేఠ్ ఇంట్లో ఇలియాస్ కాళ్లూ చేతులూ కడుక్కొచ్చి పుస్తకం తెరిచాడు. "ఆఓ నర్సింగ్ చాచా, జీ భర్ కే దేఖో," అని తనివితీరా చూడమంటూ పట్టుగుడ్డ తీశాడు.

మొదట కుడి పుటను తిప్పినట్టే కనిపించింది. నర్సింగం కళ్లద్దాలు సర్దుకున్నాడు. కుడివైపు పువ్వు విచ్చిన చోట ఎడమవైపు మొగ్గ ఉంది. కింది ఆకు మరో దిక్కుకు ఒరిగింది. పేరు తెలియని ఆ చిత్రకారుడు ప్రతి తీగనూ మళ్లీ మొదటి నుంచి గీశాడు.

"తిప్పలేదు బేటా! మళ్లా గీసిండు," అన్నాడు తనకొచ్చిన హిందీలో.

"ఆయన దగ్గర మన మగ్గం లేదు కదా చాచా," ఇలియాస్ నవ్వాడు. నర్సింగం చూస్తూనే ఉండగా పక్కన పెట్టిన చాయ్ రెండుసార్లు చల్లారింది.

ఇంటికి రాగానే నర్సింగం పాత కాగితం తీశాడు. ఎడమవైపు మొగ్గ గీశాడు. మరి ఆకు? ఎంత ఒరిగింది? దాని వెనక తీగ ఎటు పోయింది? పెన్సిలు ఆగిపోయింది.

"తిప్పి గియ్యరాదు? ఎవలు సూడొస్తరు?" అంది ఎల్లవ్వ.

"గట్ల గీసుడు శాతనైతదే," అన్నాడు నర్సింగం, "గని గిది గట్ల లేదు."

మిగిలిన గళ్లను ఖాళీగానే ఉంచి, కాగితాన్ని మడవకుండా మంచానికి ఎదురుగా గోడకు అంటించాడు.