అక్క గుండెలో దొరికిన జన్యువు

బావ నా చేతికిచ్చిన డబ్బా నిండుగానే ఉంది కానీ దాన్ని చుట్టిన ప్లాస్టిక్ కవరు తడిసిపోయి ఉంది. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

"కారిందా బావా?"

"జెర కారింది బామ్మర్దీ. మూత సక్కగ పెట్టలే దవాఖానోళ్ళు. ముక్క ఎండిపోతదేమోనని నా బాటిల్ల నీళ్ళు పోసిన. ఫిల్టర్ నీళ్ళే, పరేషాన్ గాకు."

ఆ డబ్బాలో ఉన్నది మా అక్క గుండె కవాటం మీంచి కోసి తీసిన ముక్క. వారాల తరబడి జ్వరం తనకు. మొదట మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు, తర్వాత వీధి చివరి డాక్టరు మాత్రలు, అవి అయిపోకముందే ఇంకో రకం. తీరా పెద్దాసుపత్రికి వెళ్ళేసరికి ఇన్ఫెక్షన్ గుండెకెక్కి కవాటాన్ని తినేసింది. రక్తాన్ని ఎన్నిసార్లు కల్చర్ పెట్టినా ఏమీ పెరగలేదు. పాడైన కవాటం తీసి కొత్తది పెట్టారు, జ్వరం మాత్రం వదల్లేదు. ఏ బ్యాక్టీరియానో తేలకపోతే కొత్తది కూడా పోతుందని డాక్టరమ్మ చెప్పింది. తేల్చడానికి మిగిలింది ఆ ముక్కే. ఆ పరీక్ష చేసేది సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర నేను పనిచేసే ల్యాబ్. బయటి ల్యాబుకు పోవాల్సిన సాంపిల్‌ని రోగి తాలూకు మనుషుల చేతికే ఇచ్చి పంపడం మన ఆసుపత్రుల పద్ధతి కదా, అలా అది బావ చేతిలో పడింది.

ఫిల్టర్ నీళ్ళట! నేను అరిచాను. రిసెప్షన్‌లో కూర్చున్నవాళ్ళంతా తలలెత్తి చూసేలా అరిచాను. "బుద్ధుందా బావా? అక్కని చంపేస్తావా?" అన్నాను. లాలాగూడ వర్క్‌షాపులో రైలు పెట్టెలు బాగుచేసే మనిషి, నాకంటే చాలా పెద్దవాడు, ఆ తడి కవరుని మడతపెట్టుకుంటూ నిలబడ్డాడు.

నా కోపానికి కారణం ఉంది. ప్రొటీన్లు తయారుచేసుకునే యంత్రం లేకుండా ఏ బ్యాక్టీరియా బతకలేదు. దాన్ని రైబోజోమ్ అంటారు. ఆ యంత్రంలో ముఖ్యమైన భాగానికి ఒక జన్యువు ఉంది. దాని జోలికి పోయి బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా లేదు కాబట్టి, కోట్ల ఏళ్ళుగా ఆ జన్యువులో చాలా భాగం ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది. కొన్ని చోట్ల మాత్రం తేడాలు వస్తాయి. అక్కావాళ్ళ రైల్వే క్వార్టర్ల లాగే. తలుపులూ కిటికీలూ అన్నిటికీ ఒకే ప్లాను, తేడా అంతా పరదాల్లోనూ పూలకుండీల్లోనూ. మేము మారని భాగాన్ని పట్టుకుని లోపలికి వెళ్ళి, మారిన భాగాన్ని చదివి, ఇది ఎవరిల్లో చెబుతాం. మందులకు చచ్చిన బ్యాక్టీరియానైనా ఇలా పట్టుకోవచ్చు. చిక్కేమిటంటే, ఈ పరీక్షకు అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. గుండెలో ఉన్నదీ దొరుకుతుంది, బావ బాటిల్లో ఉన్నదీ దొరుకుతుంది.

ముక్కని కడిగాను. పై పొర కోసి పారేసి, లోపలి భాగం కొంచెం తీసుకున్నాను. బావ దగ్గర మిగిలిన నీళ్ళు తీసుకుని వాటినీ పక్కనే పరీక్షకు పెట్టాను. పక్క బెంచీ అమ్మాయి తను చేస్తానంది. నేను ఒప్పుకోలేదు. ఇంకెవరి చేతిలోనైనా పాడైతే వాళ్ళను జన్మలో క్షమించలేనని నాకు తెలుసు.

ముక్కలో బ్యాక్టీరియా ఉందని తేలింది. నీళ్ళలోనూ ఉందని తేలింది. నీళ్ళది చదవబోతే నాలుగైదు రకాలు కలిసి అంతా గందరగోళం. ముక్కది మాత్రం శుభ్రంగా చదవగలిగాను. ఆ వరుసను కంప్యూటర్‌కిచ్చి పేరు కోసం కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తే, పైన రెండు పేర్లు పక్కపక్కన కూర్చున్నాయి. ఒకటి బ్రుసెల్లా, పశువుల నుంచి మనుషులకు అంటుకునేది. రెండోది దాని దగ్గరి చుట్టం, మట్టిలో నీళ్ళలో బతికేది, మామూలుగా ఎవరి జోలికీ పోనిది, బావ నీళ్ళలోంచైనా వచ్చి ఉండొచ్చు. ఈ జన్యువు ఆ రెండింటిలో దాదాపు ఒకటే. పరదాలు కూడా ఒకటే రంగు. అన్ని కోట్ల ఏళ్ళు మారకుండా ఉన్నందుకు ఆ జన్యువుని నేను ల్యాబులో కొత్తవాళ్ళకు చెప్పే పాఠాల్లో పొగిడినవాణ్ణి. ఆ పూట దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

డాక్టరమ్మకు ఫోన్ చేసి రెండు పేర్లూ చెప్పాను.

"రెండోదే, ఆ మట్టిలో నీళ్ళలో బతికేదే అయ్యుంటుంది" అందావిడ. "పశువులు లేవు, పచ్చిపాలు తాగలేదు అని మీ బావగారే చెప్పారు కదా. రెండిటికీ మందులు వేరు. కిడ్నీలు ఇప్పటికే దెబ్బతిన్నాయి, గుడ్డిగా అన్నీ కలిపి ఇవ్వలేను. ఏదో ఒకటి తేల్చండి."

తేల్చడానికి నా దగ్గర ఇంకేముంది? ఆసుపత్రికి వెళ్ళాను. ఐసీయూ అద్దంలోంచి అక్క పాదాలు మాత్రం కనిపించాయి, వాచిపోయి, ఎవరివో అన్నట్టున్నాయి. బయట బెంచీ మీద బావ పక్కన కూలబడ్డాను. నాకు భయం వేసింది. మా అక్క చచ్చిపోతుందని మొదటిసారి నాలో నేను స్పష్టంగా అనుకున్నాను.

బావ నా భుజం మీద చెయ్యేశాడు. "గట్ల కూసోకు. మొన్న వానకాలంల డెంగీ వచ్చినప్పుడు సుత గిట్లనే పడిపోయింది గద. ప్లేట్‌లెట్లు మొత్తం పడిపోయినయి. మేకపాలతోనే లేచింది మీ అక్క."

"మేకపాలా?"

"మౌలాలిల ఒకామెకు మేకలున్నయి. రోజు పొద్దున్నే పోయి, కండ్ల ముందల పిండిపిచ్చుకొని తెచ్చేటోన్ని."

"కాగబెట్టి ఇచ్చినవా?"

"కాగబెడితె గుణం పోతది. వెచ్చగ ఉన్నప్పుడే తాగిపిచ్చిన."

"మరి డాక్టరమ్మ పచ్చిపాలు తాగిందా అని అడిగితే లేదన్నవ్?"

బావ నన్ను వింతగా చూశాడు. "ఆమె అడిగింది పాల సంగతి. ఇంట్ల పాకెట్ పాలు కాగబెట్టే తాగుతం. ఇది మందు గద."

నేను లేచి పరుగెత్తాను. ఎందుకు పరుగెడుతున్నానో బావకు చెప్పలేదు, చెప్పే ధైర్యం కూడా లేదు. డాక్టరమ్మ రెండు నిమిషాలు విని, బ్రుసెల్లాకి రక్తపరీక్ష రాసి, ఫలితం కోసం ఆగకుండా మందులు మార్చింది. "ఇది ముందే తెలిసుంటే..." అని సగంలో ఆపేసింది. బతుకుతుందా అని అడిగాను. చూద్దాం అంది. ఆ మాట డాక్టర్లు ఎప్పుడంటారో ఇన్నేళ్ళుగా వాళ్ళతో పనిచేస్తున్న నాకు తెలుసు.

మర్నాడు పొద్దున ఫలితం వచ్చింది. బ్రుసెల్లాయే. అక్కకు జ్వరం ఇంకా అలాగే ఉంది. ఆ కాగితం చేత్తో పట్టుకుని నేను ఐసీయూ ముందు నిలబడి ఉండగా బావ మెట్లెక్కి వచ్చాడు. చొక్కా అంతా చెమట. చేతిలో చిన్న స్టీలు క్యాను.

"మౌలాలి పోయొచ్చిన" అన్నాడు రొప్పుతూ. "నర్సమ్మకు జెప్పి ముక్కుల పెట్టిన పైపులకెళ్ళి జెర పోపియ్యి. పట్టుకో, ఇంక వెచ్చగనే ఉన్నయి."

క్యాను నా చేతిలో పెట్టాడు. నిజంగానే వెచ్చగా ఉంది. తర్వాత నా చేతిలో కాగితం చూసి గొంతు తగ్గించాడు.

"నా నీళ్ళతోని ఏం ఖరాబ్ గాలే గద?"

"కాలేదు బావా. అది నీళ్ళలోది కాదు."

బావ కళ్ళు తుడుచుకున్నాడు. డబ్బా తెచ్చిన రోజు నుంచీ ఆ నీళ్ళ గురించే కుమిలిపోతున్నాడని అప్పుడు అర్థమైంది. నవ్వబోయాడు కూడా.

"మరి ఏడికెళ్ళి వచ్చిందట?"

నేను చెప్పాను. ఇంకోలా చెప్పే దారి దొరకలేదు. క్యాను తిరిగి అతనికే ఇచ్చి, మేకల నుంచి వస్తుందనీ, కాగబెడితే చచ్చిపోయేదనీ చెప్పాను. బావ క్యాను మూత వదులుగా ఉందేమోనని చూసి గట్టిగా బిగించాడు, మళ్ళీ బిగించాడు. అద్దం వైపు, అక్క పాదాల వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నీళ్ళు పోస్తె అంత తిట్టినవ్ గద బామ్మర్దీ" అన్నాడు. "ఇప్పుడేం అంటలేవేంది?"