నానమ్మ ముసుగేసుకుని విన్న క్యాసెట్

నిన్న అమెరికాలో మేముండే ప్లేనోలో ఒక గరాజ్ సేల్‌లో పాత రికార్డ్ దొరికింది. అరవైల నాటి నల్లజాతి గాయకుల సోల్ పాటల ఆల్బమ్. అట్ట మీద ఊదారంగు సూట్లలో నలుగురు. భీమవరంలో మా క్యాసెట్ మీదా ఈ బొమ్మే ఉండేది.

టేప్ రికార్డర్‌కి పూలు కుట్టిన గుడ్డ కవరు మీ ఇళ్ళల్లోనూ ఉండేది కదా? ఆదివారం చర్చికి వెళ్ళేముందు నాన్న ఆ కవరు తీసి ఈ క్యాసెట్ పెట్టేవారు. అమెరికాలో నర్సుగా చేసే మేనత్త పంపింది. గొంతులేమో చర్చి క్వయర్‌లా ఉండేవి. దేవుని పాటలే అనుకున్నాం. నానమ్మ ముసుగేసుకుని, కళ్ళు మూసుకుని వినేది. పాట అయ్యాక ఆమెన్ అనేది. నాన్న మాత్రం పాటపాటకీ మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళేవారు.

ఇంటికొచ్చి అట్ట వెనక పాటల పేర్లు చదివితే, అన్నీ ప్రేమ పాటలే.

ఇప్పుడు మా దగ్గరే ఉన్న అమ్మని అడిగాను. "నాన్న ఇంగ్లీష్ మాస్టారు కదా, ఆయనకి తెలీదా?"

"ఎందుకు తెలీదు? నాకోసమేగా పెట్టేవారు," అంది చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

"నీకు ఇంగ్లీష్ రాదుగా అమ్మా?"

అమ్మ తల ఎత్తలేదు.

"మరి మంచినీళ్ళకని అన్నిసార్లు ఎందుకొచ్చేవారనుకున్నావ్? అర్థం చెప్పడానికి."