దొడ్డి తడకకు పెట్టిన కొమ్మ

కేతేపల్లి దగ్గర మా ఊళ్లో, మా ఇంటి ముందు ఒక దేవగన్నేరు చెట్టు ఉండేది. మాది గొర్రెలు, మేకలు కాసే ఇల్లు. అలాంటి ఇంట్లో పచ్చగా కనబడిందల్లా మేకల నోట్లోకే పోతుంది. కొమ్మ విరిస్తే పాలు కారుతాయి కాబట్టి ఈ చెట్టొక్కటే వాటికి గిట్టలేదు, బతికిపోయింది. నాయిన తల్లిని మేం అవ్వ అంటాం. ఆ చెట్టు అవ్వది. పెళ్లైన కొత్తలో తాత మందను తోలుకుని కృష్ణ ఒడ్డు దాకా వెళ్లి, వచ్చేటప్పుడు దాని కొమ్మ ఒకటి తెచ్చాడట.

"పదిహేను దినాలు గొంగట్ల చుట్టుకొని తెచ్చిండు బిడ్డా. చీర తెమ్మంటే కట్టె తెచ్చిండు" అని అవ్వ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. తిట్టినట్టే చెప్పేది, ముఖం మాత్రం వెలిగిపోయేది. తాత పోయాక ఆ గొంగడిని మడిచి పెట్టెలో పెట్టింది. ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా ఊరి రోడ్డు వెడల్పు చేయడానికి కొలతలు తీశారు. చెట్టు మొదలు మీద ఎర్ర రంగుతో గీత గీశారు. నేనప్పటికి నల్గొండలో డిగ్రీ చదువుతున్నాను, అదీ వృక్షశాస్త్రం. అవ్వ ఫోన్ చేసి "చెట్టు కొడ్తరంట" అని పెట్టేసింది. నేను మర్నాడే బస్సెక్కాను.

"ఫికర్ చెయ్యకు అవ్వా. కొమ్మలు కోసి పెడ్త. ఒక్క చెట్టు పోతే పది చెట్లైతయి" అన్నాను. చదువుకున్న పిల్లను కదా, ఆ మాత్రం దర్జా లేకపోతే ఎలా?

మూరెడు మూరెడు కొమ్మలు పదకొండు కోసి సంచుల్లో పెట్టడానికి సిద్ధం చేశాను. పన్నెండోది వంకరగా ఉండి నిలబడలేదు, పక్కన పారేశాను. ఇక మట్టి. మా ఇంట్లో ఏ మొక్కకైనా మందు ఒకటే, గొర్రె పెంటికలు. చుట్టుపక్కల రైతులు మమ్మల్ని బతిమాలి మరీ తమ చేలల్లో మందను పడుకోబెట్టించుకుంటారు. ఆ గర్వం నా నెత్తురులోనే ఉంది. దొడ్డిలోంచి తాజా పెంటికలు తట్టెడు తెచ్చి, సగం మట్టి, సగం పెంటికలు కలిపి సంచులు నింపాను. కోసిన చోట పాలు ఇంకా కారుతుండగానే కొమ్మలు గుచ్చేశాను. పుస్తకంలో ఏముందో ఆ క్షణాన గుర్తు రానే లేదు. "పొద్దుగాల, మాపటికి నీళ్లు పొయ్యి అవ్వా" అని పురమాయించి నల్గొండ వెళ్లిపోయాను.

వారం తిరక్కుండానే మిషన్ వచ్చి చెట్టును కూల్చింది. ట్రాక్టర్లో ఆకు కూడా మిగల్చకుండా ఎత్తుకుపోయారు. నేను మళ్లీ ఇంటికి వెళ్లేసరికి నెల దాటింది. సంచుల దగ్గర కూర్చుని ఒక కొమ్మను లాగితే, ఉడికిన బెండకాయలా జారి చేతికొచ్చింది. కింద నల్లగా కుళ్లిపోయింది. రెండోదీ అంతే. పదకొండూ అంతే. అసలే నాది ముక్కు మీద కోపం.

"ఎవలు పొయ్యమన్నరే అన్నన్ని నీళ్లు? ముంచి సంపినవ్!" అని అవ్వ మీద అరిచాను.

పొయ్యమన్నది నేనే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అవ్వ చేతిలో చెంబు పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, గొర్రెపిల్లల దొడ్డి వైపు వెళ్లిపోయింది. నేను సాయంత్రం బస్సుకే తిరిగి వచ్చేశాను. దారంతా సిగ్గుతో చచ్చిపోయాను, అయినా తప్పయిందని చెప్పడానికి నోరు రాలేదు. ఆ తర్వాత అవ్వ నాకు ఫోన్ చేయడం మానేసింది.

తొలకరి పడ్డాక ఒక రోజు పొద్దున్నే ఫోన్ మోగింది.

"బిడ్డా, తడకకు పెట్టిన కట్టె ఆకేసిందే!"

ఏ తడక, ఏ కట్టె? నాకేం అర్థం కాలేదు. వెళ్లి చూస్తే, నేను పారేసిన ఆ వంకర కొమ్మ. గొర్రెపిల్లలు బయటికి రాకుండా దొడ్డి తడకకు దాన్ని అడ్డం పెట్టిందట. రోజూ తీస్తూ పెడుతూ దాంతోనే పని నడిపింది. మన్ను లేదు, నీళ్లు లేవు, పెంటికలు అసలే లేవు. బెరడు ముడతలు పడింది. కోసిన చోట పాలు ఆరి, అరచేతిలో కాయ కాచినట్టు గట్టిపడింది. కొసన మాత్రం వేలెడేసి పచ్చటి ఆకులు రెండు.

"మీ తాత తెచ్చింది గూడ గిట్లనే ఎండిపోయి ఉండె" అంది అవ్వ.

అప్పుడు తట్టింది నాకు. పదిహేను రోజులు గొంగడిలో చుట్టి తెచ్చాడని చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాను. కొమ్మను ఆరనివ్వాలని, ఆ తర్వాతే మట్టిలో పెట్టాలని అందులోనే ఉంది. పరీక్షలో కూడా రాశాను, చేతికి మాత్రం రాలేదు.

"తప్పు నాదే అవ్వా. నీళ్లు పొయ్యమన్నది నేనే" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"నాకెర్కనే. ముందుగాల కట్టెను పాతు, ఏడ్సుడు తర్వాత" అంది.

వాగు ఇసుక ఎక్కువ, మట్టి తక్కువ కలిపి, రోడ్డుకు పోగా మిగిలిన వాకిట్లో ఓ మూలన పాతాం. నీళ్లు పోయకుండా ఉండడమే అవ్వకు గండమైంది. పొద్దున్నే అలవాటుగా చెంబు పట్టుకుని వచ్చేది, మొక్కను చూసేది, ఆ నీళ్లతో కాళ్లు కడుక్కుని వెళ్లిపోయేది.

మూడో ఏట పూసింది. ఇప్పుడు ఇంటి రేకుల కన్నా ఎత్తు పెరిగింది. ఊళ్లో చాలా ఇళ్లకు దాని కొమ్మలు వెళ్లాయి. అడిగినవాళ్లకు అవ్వే చెబుతుంది, "పదిహేను దినాలు మూలకు పారెయ్యుర్రి, ముట్టకుర్రి" అని.

మొన్నీమధ్య నేను నల్గొండలో కాస్త వాకిలి ఉన్న కిరాయి ఇంటికి మారాను. నాకూ ఒక కొమ్మ కావాలంటే అవ్వ తనే కోసింది. చుట్టడానికి పాత పేపరు ఇవ్వబోయాను. వద్దని లోపలికి వెళ్లి పెట్టె తెరిచింది. తాత గొంగడి బయటికి తీసి, అంచున కత్తెర పెట్టి ఓ ముక్క కత్తిరించింది. నేను "అవ్వా, అవ్వా" అంటూనే ఉన్నాను, వినలేదు. కొమ్మను అందులో చుట్టి నా ఒళ్లో పెట్టింది.

"గిట్లనే తెచ్చిండు" అంది.