గాలి పేరెత్తని ప్రయాణం

నాకు అరవై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగాయి, కుడి భుజం వానాకాలంలో పట్టేస్తుంది, బీపీకి రోజూ ఒక మాత్ర. అయినా ఏడాదికొకసారి, మాఘమాసంలో, పులికాట్ మీద చిన్న పడవ వేసుకుని పోయి నీళ్ళ మధ్య ఉన్న ఇసుక దిబ్బ మీద రెండు రాత్రులు ఉండి వస్తాను. ఇంజను లేని పడవ. నాదొక తెడ్డు, అక్కదొక తెడ్డు. ఇప్పుడు మేముండే కోవూరులో ఈ సంగతి విన్నవాళ్ళు ముందు నా మొహం చూస్తారు, తర్వాత మా ఆయన మొహం జాలిగా చూస్తారు.

అక్క అంటే నా తోబుట్టువు కాదు. చిట్టమూరు వైపు సరస్సు ఒడ్డున చేపలు పట్టుకుని బతికే కుటుంబం ఆమెది. అవతల దీవిలోని బడిలో నేను పదకొండేళ్ళు టీచరుగా చేశాను. ఆ బడిలో మధ్యాహ్నభోజనం వండేది ఆమే. నాకంటే రెండేళ్ళు పెద్ద. పొద్దున ఆమె పడవలోనే దీవికి పోయేదాన్ని, సాయంత్రం ఆమె పడవలోనే తిరిగి వచ్చేదాన్ని. ఆమె తెడ్డు వేస్తుంటే నేను బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చోవడం సిగ్గనిపించి, ఒకరోజు రెండో తెడ్డు అందుకున్నాను. వరిపొలాల మధ్య పుట్టి, మోకాలిలోతు నీళ్ళు తప్ప ఎరగనిదాన్ని. ఆరు నెలల్లో ఆమెతో సమానంగా వేయడం వచ్చేసింది. ముప్పావు గంటలో దీవికి, ముప్పావు గంటలో ఇంటికి. ఈ ముప్పావు గంట గురించి తోటి టీచర్ల దగ్గర నేను గొప్పలు చెప్పుకోని వారం లేదు.

రిటైరయ్యాక ఒక పాత పడవ కొని అక్క ఇంటి ముందే ఉంచాను. అప్పటినుంచి మొదలైంది ఈ దిబ్బ ప్రయాణం. ప్లాను ఎప్పుడూ నాదే. తెల్ల కాగితం మీద గీతలు కొట్టి, పీరియడ్ల వారీగా, ఎన్నింటికి లేవాలి, ఎన్నింటికి పొయ్యి వెలిగించాలి, ఎన్నింటికి పడవ ఎక్కాలి అని రాసేదాన్ని. అక్క ఆ కాగితాన్ని ఎంతో మర్యాదగా చూసి, మడిచి, రొంటిన దోపుకునేది. ఆ తర్వాత ఒక్క గంట కూడా దాని ప్రకారం నడిచేది కాదు. ముఖ్యంగా తిరిగి వచ్చే రోజు. ఎండ ముదరకముందే ఇల్లు చేరాలని నా తాపత్రయం. ఆమెకేమో అన్నం ఉడకలేదు, గిన్నెలు తోమాలి, కాసేపు నడుం వాల్చాలి. అలా పొద్దు నెత్తిమీదికి వచ్చి, పక్కకి వాలేదాకా జాగు చేసేది. ఇంత పని చేసే మనిషికి తిరుగు ప్రయాణం రోజు మాత్రమే ఈ బద్ధకం ఏమిటని నేను లోపల్లోపల విసుక్కునేదాన్ని.

నిరుడు అక్కకి కంటి ఆపరేషను అయింది, రాలేనంది. నేను ఆగానా? ఆగలేదు. పాత బడిలో నా తర్వాత చేరిన ఒక చిన్న టీచరుని వెంటబెట్టుకుని పోయాను. రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రోజు, ఇన్నేళ్ళకి నా కాగితం ప్రకారం నడిచే అవకాశం దొరికిందని సంబరపడి, పొద్దున ఆరున్నరకే పడవ తోశాను. గంటన్నర గడిచినా దిబ్బ మీద మేం వదిలేసిన బూడిద కుప్ప ఇంకా కనబడుతూనే ఉంది. ఆ పిల్ల చేతులు బొబ్బలెక్కి ఏడుపు మొహం పెట్టింది. నా భుజం లేవడం మానేసింది. చివరికి పక్షుల్ని చూపించడానికి జనాన్ని తిప్పే ఒక ఇంజను పడవాయన తాడు విసిరి, కట్టుకోమని, మమ్మల్ని రేవుదాకా లాక్కొచ్చాడు. రేవులో ఊరంతా ఉంది. నన్ను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన మా ఆయనా ఉన్నాడు. ఆ రోజు నేను తల ఎత్తలేదు.

ఇంటికొచ్చాక మా ఆయన ఒక్క మాట అన్నాడు.

"నీకు వయసైపోయిందే. ఒప్పుకోవడంలో తప్పేముందీ?"

నాకు ఒళ్ళు మండింది. "ఇంకొక్కసారి ఎవురన్నా తాడేసి లాక్కొస్తే, ఆ రోజే పడవ అమ్మేయండి, నేను కాదనను" అనేశాను. కోపంలో అన్న మాట. ఆయన దాన్ని జాగ్రత్తగా దాచుకున్నాడు. వారం తిరక్కుండానే ఆ ఇంజను పడవాయన కొంటానన్నాడని కబురు తెచ్చాడు. కొని నీళ్ళలో దింపడట. పక్షులు చూడ్డానికొచ్చేవాళ్ళ కోసం తను కట్టిన గదుల ముందు పెట్టి, మట్టి పోసి, బంతిమొక్కలు వేస్తాడట. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఈ సంవత్సరం ప్లాను వేయడం అందుకే పరీక్షలా అనిపించింది. నెల ముందు అక్కకి ఫోన్ చేసి, నిరుడు జరిగిందంతా మొదటిసారి పూసగుచ్చినట్టు చెప్పాను. వయసు నన్ను ఓడించిందని, ముప్పావు గంటలో దీవి చేరిన చేతులు ఇవేనా అని ఏడ్చినంత పని చేశాను. అంతా విని ఆమె అడిగింది:

"ఆడ్నించి ఎన్నింటికి బయల్దేరినావు టీచరమ్మా?"

"ఆరున్నరకి."

ఆమెకి నవ్వొచ్చింది. ఆగి ఆగి, దగ్గొచ్చేదాకా నవ్వింది.

"పొద్దున పూట గాలి యాడ్నించి యాడికి పోతాది? ఒడ్డు మీద నించి నీళ్ళలోకి పోతాది. దానికెదురు తెడ్డేసినావు నువ్వు. ఎవురైనా అంతే, వయసులో ఉండేవోడైనా అంతే. పొద్దు వాలినాక సముద్రం మీద నించి వస్తాది. అప్పుడు గదా ఇంటికి రావాల్సింది!"

పదకొండేళ్ళు బడి గంట నన్ను పొద్దున తూర్పుకి పంపింది, సాయంత్రం పడమటికి పంపింది. రెండు పూటలా గాలి నా వెనకే ఉంది. ఆ ముప్పావు గంటని నేను నా చేతుల ఖాతాలో వేసుకున్నాను. గొప్పలు చెప్పుకున్నాను కూడా. తలుచుకుంటే చెవులు వేడెక్కాయి. అంతలోనే ఇంకోటి తట్టింది. నిరుడు నన్ను ఓడించింది వయసు కాదు, నా కాగితం!

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం అక్కా? అన్నం ఉడకలేదని, నడుం వాల్చాలని..."

"నీళ్ళ మీద గాలి పేరెత్తగూడదు టీచరమ్మా. మా అత్త చెప్పింది. పేరెత్తితే అలిగి పోతాదంట. దిబ్బ మీదైనా అంతే, చుట్టూ నీళ్ళే గదా. నువ్వు ఒడ్డున అడగలేదు, ఇప్పుడడిగినావు, చెప్పినా."

ఆ రోజు నుంచి ప్లాను ఇద్దరిదీ అయింది. నా కాగితంలో గంటలు పోయాయి. పొద్దున పోవాలి, పొద్దు వాలాక రావాలి, అంతే. మిగిలిన జాగాలో వయసుకి కావలసినవి రాసుకున్నాను. ముందంతా కింద చాప పరుచుకుని పడుకునేవాళ్ళం. ఇప్పుడు కింద కూర్చుంటే లేవడానికి ఇంకొకరు కావాలి, ఆ ఇంకొకరికీ ఇంకొకరు కావాలి. అందుకని రెండు మడత మంచాలు. వాటి బరువుకి సరిపడా వంట కుండలు తగ్గించాం. వంట ఒక్క పూటే. మిగతాదానికి పులిహోర, ఎండురొయ్యల పొడి, సీసాల్లో మజ్జిగ. మాత్రలు రెండు చోట్ల, ఒకటి తడిసినా రెండోది ఉండేలా. తెడ్డు పిడికి పాత గుడ్డ చుట్టించాను, వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు కాబట్టి. ఇదంతా రాస్తుంటే దిగులు వేయాలి నిజానికి. నాకు పెళ్ళి సామాను సర్దుకుంటున్నంత హుషారుగా ఉండింది.

మా ఆయన కూడా చిట్టమూరు వైపు వచ్చి అక్క ఇంట్లో దిగాడు. కాపలాకి వచ్చాడని నాకు తెలుసు. నాట్లు వేసే పొలంలో దిగినవాడే తప్ప, ఇంత నీటిని చూస్తే ఆయనకి ఇప్పటికీ భయం. పొద్దున్నే పడవ తోశాం. వీపు మీద చల్లగా ఏదో తగులుతుంటే ఈసారి అదేమిటో నాకు తెలుసు. పేరెత్తలేదు. అక్క వెనక్కి తిరిగి నా మొహం చూసి, పెదవి బిగించి నవ్వుకుంది.

రెండు రోజులు మహారాణుల్లా ఉన్నాం. మంచాల మీద కాళ్ళు చాపుకుని కొంగలకి పేర్లు పెట్టాం. మూడో రోజు మధ్యాహ్నానికి సామానంతా పడవలో సర్ది, టార్పాలిన్ నీడలో కూర్చున్నాం. నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. పొద్దు నెత్తి మీద నుంచి జరిగింది. ఏమీ రాలేదు. ఫోన్ మోగింది, మా ఆయన. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. కాసేపటికి ఇంజను చప్పుడు వినపడింది. ఆయన పంపించాడు. అదే పడవ, అదే మనిషి.

"ఏం టీచరమ్మా, ఆలస్యమైపోయిందే! సారు కంగారు పడతా ఉండాడు. తాడెయ్యమంటావా?"

తాడు అతని చేతిలోనే ఉంది. అతని చూపు నా మీద కాదు, నా పడవ మీద ఉంది. అడుగునించి అంచుదాకా కొలుచుకుంటున్నట్టు చూశాడు. ఒకవేళ ఈ రోజు రాకపోతే? చీకటి పడితే ఇద్దరు ముసలివాళ్ళం ఏం చేస్తాం? తాడు పట్టుకుంటే క్షేమంగా ఇల్లు చేరతాం, పడవ బంతిమొక్కల పాలవుతుంది. అక్క వైపు చూశాను. ఆమె ఏమీ చెప్పలేదు. చెప్పదు కూడా. సీసా మూత తీసి నా గ్లాసులో ఇంకొంచెం మజ్జిగ పోసింది.

ఇన్నేళ్ళూ బద్ధకమనుకున్న ఆ చెయ్యి ఏం చెబుతోందో నాకు అర్థమైంది.

"నువ్వు పో నాయనా. మేమింకా మజ్జిగ తాగాల" అన్నాను.

అతను తల గోక్కుని, కాస్త దూరం పోయి, ఇంజను ఆపి చూస్తూ కూర్చున్నాడు. నేను మజ్జిగ గుక్క గుక్కగా, బడిపిల్లలు మందు తాగినట్టు తాగాను. గ్లాసు సగం అయ్యేసరికి టార్పాలిన్ అంచు ఒకసారి లేచి పడింది. మళ్ళీ లేచింది. ఈసారి పడలేదు. అక్క గ్లాసు బోర్లించి లేచింది.

పడవ తోశాం. లోతు రాగానే ఆమె తన పాత నేతచీర ఒకటి తీసి గెడకి కట్టి నిలబెట్టింది. ఎర్ర అంచు చీర. అది నిండుగా ఉబ్బింది. నేను తెడ్డు వేశాను. భుజం పలికింది. నొప్పిగానే పలికింది, కానీ పలికింది. ఈ వేగమంతా నాది కాదని ఈసారి నాకు తెలుసు. అంతా నాదేననుకున్న రోజుల్లో కూడా ఇంత సంతోషంగా లేను. గొంతెత్తి అరవాలనిపించింది, అరిచాను. అక్క కూడా అరిచింది. కొంగలు లేచాయి. ఇంజను పడవాయన మా వెనక ఎక్కడో చిన్నగా కనబడ్డాడు.

రేవులో ఊరంతా ఉంది. మా ఆయన మాత్రం రేవులో లేడు. చెప్పులు చేత్తో పట్టుకుని, పంచె పైకెత్తి, తొడలోతు నీళ్ళలోకి వచ్చేసి నిలబడి ఉన్నాడు. నీళ్ళంటే భయపడే మనిషి. ఒక చెయ్యి చాపి నా పడవ అంచు పట్టుకున్నాడు. ఇంకో చేతిలో, చెప్పులతో పాటే, ఫోన్. దాన్ని చెవికి ఆనించి గట్టిగా అరుస్తున్నాడు:

"నువ్వింక రాబాక నాయనా, తాడు చుట్టి పెట్టుకో. పడవ అమ్మేది లేదు. ఆడోళ్ళిద్దరికీ దాంతో ఇంకా చానా పనుండాది."